పద అన్నా, పడ అన్నా

మిల్టన్ కీన్స్‌లో పిల్లలకి స్కీయింగ్ నేర్పించాలనుకునే తెలుగువాళ్ళు ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తారు. "అన్నా, మీ దగ్గరేదో షీట్ ఉందంట కదా, కాస్త పంపుతారా?" అంటారు. ఉంది. నేనే తయారు చేశాను. ఆరేళ్ళ పిల్లని ఏ గ్రూపులో వేయాలి, నలభై దాటిన నాన్న ఎక్కడ మొదలుపెట్టాలి, స్కీ మేలా స్నోబోర్డ్ మేలా, అన్నీ అందులో ఉన్నాయి. గ్లవ్స్ మర్చిపోతే మంచు మీదికి రానివ్వరని రాశాను. చలికి భయపడి రెండు జతల సాక్సులు వేసుకుంటే బూటు లోపల కాలు తిమ్మిరెక్కుతుందని, పొడుగాటి జత ఒక్కటి చాలని కూడా రాశాను. ఆ షీట్ ఎన్ని వాట్సాప్ గ్రూపులు తిరిగిందో నాకే తెలియదు. దాన్ని రాసిన పెద్దమనిషి రెండో లెవెల్ దాటలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

మాది గుంటూరు. చిన్నప్పుడు నాకు తెలిసిన మంచు ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టేది ఒక్కటే. ఇక్కడ ఐటీలో ప్రాజెక్ట్ మేనేజర్ని. ప్లాన్ వేయడం నా ఉద్యోగం, నా జబ్బు కూడా. ఏ పనిలో ఎక్కడ దెబ్బ తగులుతుందో ముందే చూసి చెప్పినందుకు ఆఫీసులో మెచ్చుకుంటారు. ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు.

"నేనేం చేద్దామన్నా పడతావ్ అంటావు. పద, చూద్దాం అని ఒక్కసారన్నా అన్నావా?" అని నా భార్య ఒకరోజు గిన్నెలు కడుగుతూ అడిగింది. ఆమె డాక్టరు. పెద్ద పరీక్ష ఒకటి రాస్తానంటే, పాస్ కాకపోతే ఏంటని నేను అడిగిన రోజది. ఆ తర్వాత ఎక్కువ కాలం మేం ఒకే ఇంట్లో లేం. పెళ్ళయిన పన్నెండేళ్ళూ నన్ను నువ్వు అన్న మనిషి, విడిపోయాక మీరు అనడం మొదలుపెట్టింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

మా పాపకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఇక్కడే పుట్టింది. మన మాటలు అర్థమవుతాయి గానీ జవాబంతా ఇంగ్లీషులోనే. దాని నోట్లో ద, డ రెండూ ఒకటే. స్కూలుకి ఆలస్యమవుతుంటే గుమ్మంలో నిలబడి "పడ నాన్నా, పడ" అని తొందరపెట్టేది. "పడ కాదమ్మా, పద" అనేవాళ్ళం. "అదే కదా నేనంది" అన్నట్టు చూసి మళ్ళీ పడ అనేది. నేనూ వాళ్ళమ్మా పడీ పడీ నవ్వేవాళ్ళం. మేమిద్దరం కలిసి నవ్విన సంగతుల్లో అదొకటి.

ఇంకోటి కూడా చెప్పాలి. మా ఇంటి ముందు మోకాలెత్తు ఇటుక గోడ ఉండేది. దాని మీద నడవందే పాపకి తోచదు. నేను వెనకాలే "పడతావ్, పడతావ్" అంటూ ఉండేవాణ్ణి. అన్నకొద్దీ అది ఇంకా జోరుగా వెళ్ళేది. వాళ్ళమ్మ మొండితనం వచ్చిందనుకునేవాణ్ణి.

విడిపోయాక శనివారాలు నావి. ఆ ఏడు నవంబరు మొదట్లో ఆమె ఫోన్ చేసి, కార్డిఫ్‌లో హాస్పిటల్ ఉద్యోగం వచ్చిందని, స్కూలు సెలవులివ్వగానే పాపని తీసుకుని వెళ్ళిపోతానని చెప్పింది. "మీరెప్పుడైనా రావచ్చు. నేనేం కాదనను" అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి క్యాలెండర్ చూస్తే ఆరు శనివారాలు మిగిలాయి.

ఊళ్ళో కప్పు కింద నిజమైన మంచు పోసిన కొండ ఒకటుంది. అక్కడ అద్దాల దగ్గర నిలబడి జారేవాళ్ళని చూడటం పాపకి చాలా ఇష్టం. తనకీ నేర్పించమని ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. ఆ సాయంత్రమే కూర్చుని షీట్ మొదలుపెట్టాను. పాపకి స్నోబోర్డ్ కావాలి, రెండు కాళ్ళూ ఒకే పలక మీద పెట్టి జారేది. మొదట్లో ముంజేతులు విరుగుతాయని ఎక్కడో చదివి, స్కీ అని రాశాను. పిల్లల గ్రూపు వేరు, పెద్దల గ్రూపు వేరు, కలిసి నేర్చుకోనివ్వరు. ఫర్వాలేదనుకున్నాను. పక్కపక్కనే పాఠాలు నేర్చుకుంటూ ఆరో శనివారానికి ఇద్దరం పెద్ద కొండకి చేరేలా వారానికో లెవెల్ చొప్పున అమర్చాను. ఆఖరి గడిలో "ఇద్దరం కలిసి, పైనుంచి కిందికి, ఒక్కసారి" అని రాశాను. నాకు కావలసింది అదొక్కటే. పాప వెళ్ళిపోయాక గుర్తుంచుకోవడానికి దాని పక్కన నేను కూడా జారిన రోజు ఒకటి ఉండాలి.

మొదటి వారం ఇద్దరం పిల్ల కొండ మీదే ఉన్నాం, అది ఆ చివర, నేనీ చివర. స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, మడమలు ఎడం చేస్తే ఆగుతాం. పిల్లలకి దాన్ని పిజ్జా ముక్క అని నేర్పుతారు. మా పాప పది నిమిషాల్లో పిజ్జా చేసి ఆగింది. నేను అడుగున కట్టిన వల దగ్గరికెళ్ళి ఆగాను, అదీ వల ఆపబట్టి. నాకు నేర్పే అమ్మాయిది లీడ్స్. "ముందుకి వాలండి, కొండ కిందికే వాలండి" అని ఎంత ఓపికగా చెప్పిందో! నేను వెనక్కే వాలేవాణ్ణి. వెనక్కి వాలితే స్కీలు మనిషిని వదిలేసి ముందుకి పోతాయి. నా గ్రూపులో తెలంగాణ నుంచి మాస్టర్స్ చదవడానికొచ్చిన కుర్రాళ్ళిద్దరుండేవారు. నేను కూలబడ్డప్పుడల్లా "ఏం గాలేదు కదా అంకుల్?" అని లేపేవారు. మూడో వారానికి వాళ్ళూ పై లెవెల్‌కి వెళ్ళిపోయారు. నన్ను లేపే దిక్కు కూడా లేకుండా పోయింది.

నాలుగో శనివారం పాప పెద్ద కొండెక్కింది. నేను రెండో లెవెల్ మళ్ళీ చేశాను. ఐదో శనివారం అదే లెవెల్ ఇంకోసారి చేశాక, వచ్చేవారం నన్ను కూడా పైకి పంపమని లీడ్స్ అమ్మాయిని అడిగాను. "ఇంకా క్షేమం కాదు, మీకూ, కింద ఉన్న పిల్లలకీ" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా ప్లాన్ ప్రకారం నేనీ పాటికి నాలుగో లెవెల్లో ఉండాలని ఆ అమ్మాయితో వాదించాను. మన మంచి కోరి ఎవరైనా ఆపితే ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. నా భార్యకి అది పన్నెండేళ్ళుగా తెలుసు.

ఆరో శనివారం నేను పాఠానికి వెళ్ళలేదు. మామూలు బూట్లతో పెద్ద కొండ అడుగున, కంచె ఇవతల నిలబడ్డాను. పాప మనుషుల్ని పైకి లాగే లిఫ్ట్ పట్టుకుని చివరంటా వెళ్ళింది. అంతకుముందు వారాల్లో సగం దాకానే ఎక్కనిచ్చారు, ఆ రోజే మొదటిసారి పై నుంచి. అక్కడ అంచు మీద నిలబడి కదలదే! దాని గ్రూపులో పిల్లలు ఒక్కొక్కరే దిగి వచ్చేస్తున్నారు. అది మాత్రం కిందికి, నా వైపే చూస్తోంది. చుట్టూ ఎంతమంది ఉన్నారో కూడా చూసుకోకుండా "పడతావ్!" అని గట్టిగా అరిచాను.

వెంటనే బయలుదేరింది. ఓ మలుపు, ఇంకో మలుపు, మళ్ళీ ఇంకోటి, ఎక్కడా తూలకుండా వచ్చి నా ముందు ఆగింది. మొహమంతా ఎర్రగా, ఆయాసపడుతూ నవ్వుతోంది. ఇంగ్లీషులోనే గబగబా చెప్పింది, పైన చాలా భయమేసిందట, స్కీలు విప్పేసి నడిచి దిగిపోదామనుకుందట, ఇంతలో నువ్వు గో అన్నావు, అందుకే వచ్చేశాను అని.

"నేనా? ఏమన్నాను?"

"పడతావ్," అంది. "యూ ఆల్వేస్ సే ఇట్, నాన్నా."

కాసేపు నాకేం అర్థం కాలేదు. తర్వాత గుమ్మంలో నిలబడి పడ, పడ అని నన్ను తొందరపెట్టిన పిల్ల గుర్తొచ్చింది. దాని నోటికే కాదు, చెవికి కూడా పద, పడ ఒకటేనన్న మాట. పడతావ్ అంటే దానికి పద అన్నట్టే, ఇంకాస్త పొడుగ్గా. ఇటుక గోడ మీద, సైకిల్ వెనకాల, పార్కులో తాళ్ళ నిచ్చెన కింద నిలబడి నేను భయపడి అరిచిన ప్రతిసారీ అది "పద" అనే విని ముందుకెళ్ళింది. నేను దిద్దలేదు. ఎలా దిద్దుతాను? దాన్ని కంచె మీంచే దగ్గరికి లాక్కుని, హెల్మెట్ మీద ముద్దు పెట్టుకున్నాను. ఏడుస్తున్నావేంటని అడిగితే చలికి అన్నాను. వాళ్ళమ్మకి ఫోన్ చేసి, చూశావా, నేను కూడా అన్నాను, తెలియకుండానే అయినా అన్నాను అని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

వాళ్ళు బయలుదేరింది వారం తర్వాత, పొద్దున్నే. సామాను వ్యాన్ ముందు రోజే వెళ్ళిపోయింది. కారులో దుప్పట్లు, రైస్ కుక్కర్, పాప ఆడుకునే కుందేలు బొమ్మ ఉన్నాయి. ఆమె ఇంటి ముందు తలుపు రెండుసార్లు లాగి చూసి, "మేం వెళ్ళొస్తామండీ" అంది. పాప నన్ను గట్టిగా పట్టుకుని చాలాసేపు వదల్లేదు. వదిలాక, అలవాటు ప్రకారం అక్కడున్న చిన్న గోడెక్కి కారు వైపు నడిచింది. సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్నే చూస్తూ నిలబడింది, కొండ మీద నిలబడ్డట్టే.

నేను ఉండమ్మా అనబోయాను. వాళ్ళమ్మ అక్కడే ఉందనీ, అలా అనడం తప్పనీ తెలుసు. అయినా అనేద్దామనే నోరు తెరిచాను. గోడ మీద మంచు పేరుకుని ఉంది. సరిగ్గా అప్పుడే దాని కాలు కాస్త జారింది.

"పడతావ్!" అన్నాను.

పాప నా వైపు ఒక్క క్షణం చూసింది. తర్వాత తలూపి, "సరే నాన్నా" అంది, తెలుగులోనే. గోడ దిగి, కారెక్కి, బెల్ట్ పెట్టుకుంది. వాళ్ళమ్మ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. ఆమె చెవికి ఆ మాటకి ఎప్పుడూ ఒకటే అర్థం.

ఇప్పుడు రెండు వారాలకోసారి కార్డిఫ్ వెళ్తాను. పాప అక్కడ స్నోబోర్డ్ నేర్చుకుంటోంది. షీట్ అడిగినవాళ్ళకి ఆఖరి గడి చెరిపేసి పంపుతున్నాను. ఆ రోజు గోడ దగ్గర నేనన్నది పద అని కాదని పాపకి చెప్పాలని దారి పొడవునా అనుకుంటాను. అది చెబితే పడతావ్ అంటే ఏంటో చెప్పాలి. అది తెలిస్తే కొండ దగ్గర అన్నదీ, సైకిల్ వెనకాల అన్నదీ, చిన్నప్పటి నుంచీ నేనన్నవన్నీ ఏంటో దానికి తెలిసిపోతాయి. అందుకే చెప్పను. వెళ్ళనా అని అడిగినట్టు నిలబడితే, నాన్న వెళ్ళమన్నాడనే అనుకుంటోంది నా కూతురు.