'నేను' అనే అకౌంట్

ఎదురు ఫొటో స్టూడియోలో కంప్యూటర్ మీద పనిచేసే ఆవిణ్ణి మా కాంప్లెక్సులో అందరూ స్విచ్చమ్మ అంటారు. మొహం మీద అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. వాళ్ళ స్టూడియోకీ నా టైలరింగ్ షాపుకీ మధ్య ఒక నడవా, అంతే. నా మిషను ముందు కూర్చుంటే ఆవిడ వీపూ, ఆవిడ ముందున్న తెరా తిన్నగా కనిపిస్తాయి. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకుంది. మిగతావాళ్ళు చెప్పుకుంటున్న కథ వింటే ఒళ్ళు మండుతోంది, అందుకే చెబుతున్నాను.

ఆవిడ చాలా మంచిదని నేను అనను. మనసు సంగతి తరవాత, ముందు ఆ నోరు మంచిది కాదు. "మేడమ్, ఫొటోలో కాస్త తెల్లగా చెయ్యండి" అని ఎవరైనా అడిగితే, "చేస్తాను. ఇంటికెళ్ళాక మీవాళ్ళు గుర్తుపట్టకపోతే మాత్రం నా దగ్గరకి రాకండి" అనేది. నన్నూ వదల్లేదు. ఒకసారి ఆవిడకి గౌను కుట్టి ఇస్తే, తొడుక్కుని చూసి, "వదినా, ఈ చేతులు నా కొలతకి పెట్టావా, మీ ఆయన కొలతకా?" అంది. నలుగురు ఆడవాళ్ళ ముందు. కొన్నాళ్ళు నేను ఆవిడ మొహం చూడలేదు. ఆవిడకి ఆ తేడా కూడా తెలిసినట్టు లేదు.

కానీ పనికి మాత్రం దణ్ణం పెట్టాలి. చిరిగిపోయిన ఫొటోలకి ఆవిడ చేసేదాన్ని నేను రఫ్ఫు అంటాను. గుడ్డకి రఫ్ఫు చేస్తే చిరుగు ఎక్కడుందో వెతికినా దొరక్కూడదు. ఆవిడ మొహాలకి అలా చేసేది. చెదలు తిన్న చెంపలు, మడతల్లో పోయిన ముక్కులు, చెమ్మకి కరిగిన కళ్ళు, అన్నీ పోగు పోగు అల్లినట్టు తిరిగి తెచ్చేది.

ఇక ఆ స్టూడియో అన్నదమ్ములు. తండ్రి ఉన్నన్నాళ్ళూ ఒక కంచంలో తిన్నారట. ఆయన పోయాక బోర్డు మీద ఎవరి పేరు పైన ఉండాలన్న దగ్గర చెడింది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకున్నారు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. బోర్డు మీద ఇద్దరి పేర్లూ కొట్టేసి ఉత్త 'స్టూడియో' అని మిగిల్చారు. షాపు ఒకటే, కంప్యూటర్ ఒకటే. రెండోది కొనుక్కోవచ్చు కదా అంటే, "వాడే కొనుక్కుని పోవాలి, నేనెందుకు పోతాను" అని పెద్దాయన, అదే మాట అక్షరం పొల్లుపోకుండా చిన్నాయన.

అందుకని కంప్యూటర్లో రెండు అకౌంట్లు పెట్టించుకున్నారు. పెద్దాయన పని పెద్దాయన అకౌంట్లో, చిన్నాయన పని చిన్నాయన అకౌంట్లో. స్విచ్చమ్మ వాటిని గదులనేది. పొద్దున్న ఒకరి గదిలో పెళ్ళి ఆల్బమ్ చేస్తూ ఉండగా, రెండోవాడు వచ్చి, "నా పని ఎంతవరకు వచ్చింది?" అంటాడు. అప్పుడు ఆవిడ "స్విచ్!" అని అరిచేది. ఆ అరుపు వినగానే మొదటివాడు గోడవైపు తిరిగి నిలబడాలి, పాస్‌వర్డ్ కొట్టి రెండోవాడి గది తెరిచేదాకా ఇటు చూడకూడదు. అది వాళ్ళే పెట్టుకున్న రూలు. బట్టతల వచ్చిన మగవాళ్ళు బళ్ళో తప్పుచేసిన పిల్లల్లా గోడకి మొహం పెట్టి నిలబడటం చూసి, నేను మిషను మీద తల వాల్చి నవ్వుకునేదాన్ని. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

అన్నకి తమ్ముడి మీద అనుమానం, తమ్ముడికి అన్న మీద అనుమానం, ఇద్దరికీ కలిపి ఆవిడ మీద అనుమానం. వాళ్ళ ఫొటోలు వీళ్ళకి, వీళ్ళ ఫొటోలు వాళ్ళకి మోస్తోందని. పెన్‌డ్రైవ్ అన్నది షాపు గడప దాటకూడదన్నారు. చివరికి ఆ కంప్యూటర్ డబ్బాకున్న కన్నాలన్నిటికీ టేపు అంటించారు. "నా ముక్కుకీ అంటించండి, వాసన మోసుకుపోతానేమో" అంది ఆవిడ. ఆ మాటకి ఇద్దరూ మొహాలు గంటు పెట్టుకున్నారు కానీ టేపు తియ్యలేదు.

ఇదంతా ఎందుకు పడుతోందని నేను ఒకసారి అడిగాను. అప్పుడు చెప్పింది, వాళ్ళమ్మ సంగతి.

ఆవిడ పుట్టిన రోజునే తల్లి పోయింది. మేనత్త పెంచింది. తల్లిది లోకం మొత్తం మీద ఒక్కటే ఫొటో. ఫ్రేము అద్దానికి చెమ్మకి అంటుకుపోయి, సగం మొహం బూజు. అద్దంతో సహా కంప్యూటర్లోకి ఎక్కించింది. తరవాత అద్దం మీంచి ఊడదీయబోతే కాగితం పొడిపొడిగా రాలిపోయింది. అంటే ఇక ఆ తల్లి ఉన్నది ఆ కంప్యూటర్లోనే. పెద్దాయన గదిలో పెడితే ఆయన కెలుకుతాడు, చిన్నాయన గదిలో పెడితే ఈయన కెలుకుతాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా తనకో మూడో అకౌంట్ చేసుకుంది. పేరేం పెట్టాలో తోచక 'నేను' అని పెట్టుకుంది. మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ ఎవరింటికి వాళ్ళు భోజనాలకి పోగానే, తన అన్నం డబ్బా పక్కన పెట్టుకుని ఆ మొహానికి రఫ్ఫు చేసుకునేది. నెలల తరబడి చేసింది. కుడి కన్ను వచ్చింది. పెదవులు వచ్చాయి. ఒకరోజు నన్ను పిలిచి, "వదినా, నా గడ్డం ఎవరిదో తెలిసింది. చూడు" అంది. ఆ ఒక్కరోజు ఆ నోట్లోంచి ముల్లులేని మాట విన్నాను.

ఇంక చెవి దగ్గర కొంచెం మిగిలింది. అది కాగానే పెద్ద బొమ్మగా వేయించుకుని పని మానేస్తానంది. "అప్పటిదాకా వీళ్ళ గోడ నాటకం చూస్తాను" అంది.

ఆ చెవి పూర్తికాలేదు.

ఆరోజు ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. అన్నదమ్ములిద్దరూ షాపులోనే ఉన్నారు, అటొకడు ఇటొకడు. కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ దానంతటదే మళ్ళీ లేచి, ఎవరి గదిలోకి వెళ్తారని అడుగుతూ పేర్లన్నీ తెర మీద పెట్టింది. అన్నాళ్ళూ ఆ తెరని ఆవిడ తన వీపు చాటున చిటికెలో దాటించేసేది; ఇప్పుడు రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయి.

పెద్దాయన తెర దగ్గరకి వంగి చూశాడు. చిన్నాయన కూడా చూశాడు. అన్ని సంవత్సరాల తరవాత ఆ ఇద్దరి మధ్య మొదటి మాట అప్పుడు పుట్టింది.

"ఈ 'నేను' ఎవర్రా?" అన్నాడు పెద్దాయన.

"నేను కాదు" అన్నాడు చిన్నాయన.

"నేనూ కాదు."

వేరే రోజైతే పడీపడీ నవ్వుదును. అప్పటికి నేను షాపులో లేను. దారాలు తెచ్చుకోవడానికి వెళ్ళాను, ఆ దారాలు తగలెయ్య. నేనుంటే నడవాలోంచే అరిచేదాన్ని. తరవాతదంతా ఆవిడ నోటి వెంట, పక్క చెప్పుల షాపాయన నోటి వెంట విన్నదే.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఆవిణ్ణి చిన్నాయన, "అది ఎవరిది?" అని అడిగాడు.

"నాది" అంది.

"మా మిషన్లో నీకు గదేమిటి? అందులో ఏం దాచావు? ఎవరికి బేరాలు చేస్తున్నావు?"

"మీవి ఒక్కటీ లేవు. నా సొంతం."

"అయితే తెరువు, చూస్తాం" అన్నాడు పెద్దాయన.

"తెరవను."

ఎందుకు తెరవలేదని నేను తరవాత ఆవిణ్ణి తిట్టాను. తెరిచి చూపిస్తే పోయేది కదా! "మాట నోటిదాకా వచ్చింది వదినా. నన్ను దొంగని చేసి నిలబెట్టిన ఆ మొహాల ముందు మా అమ్మ మొహం సాక్ష్యంగా పెట్టాలనిపించలేదు" అంది. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. వాళ్ళ మీద వచ్చినదానిలో అది వెయ్యో వంతు కూడా కాదు.

ఇంటి దొంగ దొరికిందని అన్నదమ్ములిద్దరికీ ఎక్కడలేని ఊపొచ్చింది. నీది తెరవకపోతే మాది తెరువు అన్నారు. ఆవిడ ఎప్పటిలాగే పెద్దాయన గది తెరిచింది. ఆయన ఆవిణ్ణి లేవమని కుర్చీలో కూర్చున్నాడు. తమ్ముడు కుర్చీ వీపు పట్టుకుని వెనక నిలబడి, ఇక్కడ నొక్కు, అక్కడ నొక్కు అని దారి చెప్పాడు. 'నేను' అన్న పేరు దొరికింది. అకౌంట్ తీసేస్తే అందులోవి ఉంచాలా, తుడిచెయ్యాలా అని అడిగింది కంప్యూటర్. చూడండి, ఆ డబ్బాకి ఆపాటి జ్ఞానం ఉంది, అది అడిగింది.

"అకౌంట్ తీసెయ్యండి, కావాలంటే నన్నూ తీసెయ్యండి. లోపలవి ఉంచండి. తుడిచేస్తే మళ్ళీ రావు" అంది ఆవిడ. అన్నాళ్ళలో ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడటం అదే మొదలని చెప్పుల షాపాయన చెప్పాడు.

పెద్దాయన చెయ్యి ఆగింది. తమ్ముడి వైపు చూశాడు.

"తుడిచెయ్యి అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

నొక్కాడు.

నేను దారాలతో తిరిగొచ్చేసరికి ఆవిడ నా షాపులో, ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. "పోయింది వదినా" అంది. ఏం పోయిందో నాకు అర్థమైంది. నేనే ఏడ్చాను. తరవాత కత్తెర అక్కడ పడేసి స్టూడియోలోకి వెళ్ళి, నోటికి వచ్చిందల్లా తిట్టాను. అది ఆవిణ్ణి కని చచ్చిపోయిన తల్లి ఫొటో అని చెప్పాను. చిన్నాయన తల దించుకున్నాడు. పెద్దాయన, "చెప్పాలి కదా, చెబితే తుడుస్తామా?" అన్నాడు. అడిగారా అన్నాను. మళ్ళీ తేవడానికి అవుతుందేమోనని కంప్యూటర్ బాగుచేసే అతన్ని పిలిపించాం. అతను వచ్చేలోపు ఆగమన్నా ఆగకుండా, అన్నదమ్ములు అర్జెంటని వేరేవాళ్ళ ఫంక్షన్ ఫొటోలన్నీ అందులోకి కుమ్మరించారు. అతను వచ్చి చాలాసేపు వెతికి, పాతవాటి మీద కొత్తవి పడిపోయాయన్నాడు. ఏమీ దొరకలేదు.

ఇక్కడితో అయిపోతే ఇది మామూలు దుర్మార్గం. మిగతాది వినండి.

మర్నాడు కంప్యూటర్ వేస్తే పాస్‌వర్డ్ అడిగింది. ఇద్దరిలో ఎవరికీ తెలియదు! పెట్టిందీ, కొట్టిందీ అన్నాళ్ళూ ఆవిడే. ఒకరి పని ఒకరు చూడకుండా గోడకి తిరగడమే కానీ, ఎవరి తాళంచెవి ఏదో వాళ్ళకే తెలియని తెలివితక్కువవాళ్ళు. తమ పేర్లు కొట్టారు, పెళ్ళాల పేర్లు, పిల్లల పేర్లు, తండ్రి పేరు, స్టూడియో పేరు కొట్టారు. తెరుచుకోలేదు. పెళ్ళి ఆల్బమ్ వాళ్ళు వచ్చి షాపులో కూర్చున్నారు. చివరికి ఇద్దరూ కలిసి నడవా దాటి నా షాపు ముందుకు వచ్చారు. ఆవిడ నా దగ్గర గుండీలు కుడుతోంది.

"జరిగిందేదో జరిగింది. పాస్‌వర్డులు చెప్పమ్మా" అన్నాడు పెద్దాయన.

చెప్పొద్దన్నాను. ఆవిడ దారం తెంపి, తల ఎత్తకుండానే చెప్పింది. "మీది 'తమ్ముడు'. ఆయనది 'అన్నయ్య'."

నడవాలో ఉన్న అందరూ విన్నారు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. చిన్నాయన ఆయన భుజం పట్టుకున్నాడు. అంతే, కాంప్లెక్సు మొత్తం పొంగిపోయింది. ఎంత గొప్ప మనసు, ఎంత కాలంగా వాళ్ళని కలపాలని చూసిందో పాపం, చివరికి కలిపింది అని ఒకటే పొగడ్తలు. చెప్పుల షాపాయనైతే, "ఒకరి నష్టంలో ఇద్దరి లాభం" అని సామెత కూడా పుట్టించాడు. ఆయన దగ్గర చెప్పులు కొనడం మానేశాను.

అందరూ పోయాక, "నిజంగా వాళ్ళు కలవాలనే అలా పెట్టావా?" అని అడిగాను.

"నాకేం పట్టింది? చచ్చినా వాళ్ళు ఆ మాట తలుచుకోరు, తలుచుకోనిది కొట్టలేరు. అంతకన్నా గట్టి తాళం నాకు తోచలేదు" అంది.

కొన్నాళ్ళకి బోర్డు మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన వెలిశాయి. ఆరోజు అన్నదమ్ములు కొత్త చొక్కాలు వేసుకుని, స్వీటు పాకెట్టు పట్టుకుని మళ్ళీ నా షాపు దగ్గరకి వచ్చారు. వెనక కాంప్లెక్సు జనం. పని ఇప్పుడు నాతోనే, ఆవిడ నా పక్కన రెండో మిషను మీద ఉంది.

"అక్కా, మేం ఇవాళ ఇలా ఉన్నామంటే నీ చలవే" అన్నాడు చిన్నాయన. "మళ్ళీ పనిలోకి రా. ఇప్పుడు అకౌంట్ ఒక్కటే. గోడవైపు తిరగడాలు లేవు. అన్నీ కలిసే చేసుకుంటున్నాం."

ఆవిడ మిషను ఆపింది. పాకెట్టు వైపు చూడలేదు, వాళ్ళ వైపే చూసింది.

"మీరిద్దరూ కలిసి చేసిన పని నేనొకటి చూశాను. అది చాలు" అంది.

పెద్దాయన ఏదో అనబోయాడు. ఆవిడ మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. వాళ్ళు పాకెట్టు చేత్తో పట్టుకునే వెనక్కి వెళ్ళిపోయారు.