రెండు టికెట్లు, రెండు బరువులు

నా కూతురు లండన్‌లో నర్సు. దాని కాన్పుకు నేనొక్కదాన్నే వస్తానంటే ఒప్పుకోలేదు. "చిన్నమ్మ గూడ రావాలె. నన్ను సాకింది ఆమెనే గద" అంది. నిజమే. నేను, మా ఆయన బొంబాయికి మట్టిపనికి వలస పోయినప్పుడల్లా పాన్‌గల్ దగ్గరి మా ఊళ్లో దాన్ని చూసుకున్నది మా చెల్లెలే. కానీ హైదరాబాద్ నుంచి లండన్‌కు ఒకే టికెట్ మీద ఇద్దరినీ పిలిపించుకునే స్తోమత దానికి లేదు.

వారం తిరగకముందే తనే ఒక ఉపాయం చెప్పింది. బొంబాయి దాకా ఒక కంపెనీ విమానం, అక్కడి నుంచి లండన్‌కు వేరే కంపెనీ విమానం. విడివిడిగా కొంటే దాని దగ్గరున్న డబ్బు ఇద్దరికీ సరిపోతుందట. కాకపోతే బొంబాయిలో మన సంచులు మనమే తీసుకుని మళ్లీ అప్పజెప్పాలి. మొదటి విమానం తప్పిపోతే రెండోది మన కోసం ఆగదు, దాని డబ్బులూ తిరిగి రావు.

"భయమైతదా అమ్మా?" అని అడిగితే నాకు నవ్వొచ్చింది. వనపర్తికి ఒక బస్సు, మహబూబ్‌నగర్‌కు ఇంకొకటి, బొంబాయికి మరొకటి. ఎక్కిన చోటల్లా కొత్త టికెట్, దిగిన చోటల్లా మూటలు మనమే మోసుకోవాలి. ఇన్నేళ్లూ నేను తిరిగింది అట్లాగే.

యాభై దగ్గర పడ్డాక ఊరి బడిలో సాయంత్రం తరగతులకు పోయి అక్షరాలు, అంకెలు నేర్చుకున్నదాన్ని. కాబట్టి చదివే పని నాది. లండన్ టికెట్ మీద మనిషికి ఇరవై మూడు కిలోలని ఉంది. మేం కట్టుకునే చీరలు, పాత చీరలతో కుట్టిన బొంతలు, కారం, పల్లీలు, మిగతా అంతా జొన్నపిండి. కిరాణా కొట్టు కాంటా మీద తూచి, మూతికి ఎర్రచీర పేలికలు కట్టాం. వారం రోజులు మాకు కాలు నిలవలేదు.

హైదరాబాద్ విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరి అమ్మాయి మా సంచులు తూచి తల అడ్డంగా ఊపింది. ఈ విమానంలో మనిషికి పదిహేను కిలోలేనట. ఎక్కువైన దానికి కట్టమన్న డబ్బు మా ఇద్దరి దగ్గరా కలిపినా లేదు. కౌంటర్ మూసేందుకు అరగంటే ఉంది. బొంబాయి దగ్గరే కదా, చదవడానికేముందని నేను మొదటి టికెట్ తిప్పి కూడా చూడలేదు.

"ఊరంతటి సదువు నువ్వే సదివినవ్, గా ఒక్క కాయితం సదవకపోతివి" అంది చెల్లెలు.

సంచులు అక్కడే కింద పెట్టి మూతులు విప్పాను. మేస్త్రీ లారీలో జాగా లేనప్పుడు ఆడవాళ్లం చేసే పని ఒకటుంది. కట్టిన చీర మీదే ఇంకో చీర చుట్టుకుంటాం. నేను రెండు చుట్టుకుని, చెల్లెలికి రెండు చుట్టి, భుజాల మీద తలా ఒక బొంత కప్పాను. ఎప్పుడూ వలస పోని మనిషి కదా, బిగుసుకుపోయి నిలబడింది.

"పెండ్లిల గూడ నాకు గిన్ని చీరలు పెట్టలే" అంది.

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. అయినా పిండి బరువు ఇంకా ఎక్కువే ఉంది. నేల తుడుస్తున్న ఒకామె మా మాట విని ఆగింది. నాగర్‌కర్నూల్ దిక్కు మనిషేనట. తలా ఒక చిన్న సంచి ఉంచుకుని తక్కిన పిండి ఆమె చేతిలో పెట్టాను. ముందు వద్దంది. తర్వాత సంచి మూతి విప్పి వాసన చూసి, తన అత్తకు జొన్నరొట్టె లేకుంటే ముద్ద దిగదని తీసుకుంది. పరుగున పోయి మళ్లీ తూయించాం. సరిపోయింది.

బస్సులో ఒక రాత్రి, సగం పగలు పట్టే బొంబాయి గంటన్నరలో వచ్చేసింది. కిటికీలోంచి అన్ని మేడలను పైనుంచి చూడడం అదే మొదటిసారి. దిగాక సామాన్లు వచ్చే చోట మా ఎర్రపేలికలు దూరం నుంచే కనబడ్డాయి. సంచులు లాక్కుని, బోర్డులు ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ, తెలియని చోట సైట్ల మీద నేర్చిన హిందీలో అడుగుతూ లండన్ కౌంటర్ చేరాం. ఇంకా మూడు గంటల టైముంది. అక్కడి అబ్బాయి తూచి, ఇంకా ఎనిమిదేసి కిలోలు పెట్టుకోవచ్చన్నాడు.

చెల్లెలు నా దిక్కు చూసింది. "జాగా ఉన్నదట. నువ్వు సంచిల కూసో అక్కా."

లోపలికి పోయాక కూతురికి ఫోన్ చేసి, ఇద్దరికీ సీట్లు దొరికాయని చెప్పాను. అటు నుంచి అది ఏడుస్తూ నవ్వుతోంది. చెల్లెలు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"పిండి జరంతనే మిగిలింది బిడ్డా. అది అయిపోకముందే కను" అంది.