బుక్కరాయసముద్రం బడిలో పలకల పద్యం

శుక్రవారం పొద్దున ఆరుంబావుకు గుత్తిలో ప్యాసింజరు ఎక్కినాము, నేనూ నా మనవరాలు ఓబుళమ్మా. పద్యం అప్పజెప్పలేదని మా ఊరి అయివారు దానితో గోడకుర్చీ వేయించినాడు. అప్పటినుంచి అది బడిగడప తొక్కలేదు. "సోమవారం నుంచి మేకలెంట పోనీ" అనేసినాడు నా కొడుకు. నలభై దాటినాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నోణ్ణి, ఆ మాట నాకు గుచ్చుకునింది. బుక్కరాయసముద్రంలో ఒక టీచరమ్మ కొట్టకుండా పద్యాలు నేర్పుతుందని విని బయలుదేరినాను.

రైల్లో ఎదురుగా బట్టల మూటలతో ఒక సెట్టి కూర్చున్నాడు. "ఏమప్పా, పద్యాలు కూడు పెడతాయా?" అన్నాడు.

"నీ బట్టలు తింటారా ఎవురన్నా?" అన్నాను.

అనంతపురంలో దిగి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిని బస్సెక్కినాము. దోవలో ఎండిన చెరువులో గొర్రెలు మేస్తాండాయి. పదికి బడి చేరినాము. పిల్లోళ్లు ఐదుగురే, తక్కినోళ్లు కూలికి పోయినారంట.

మార్తమ్మ టీచరు చేతిలో బెత్తం లేదు, పుస్తకమూ లేదు. పద్యంలో మాటలు తలా ఒక పలక మీద రాసిచ్చింది. పిల్లోళ్లు పలకలు పట్టుకుని వరసగా నిలబడి, చప్పట్లు కొడుతూ చదవాల. నడక తప్పితే జాగా మారాల. "ఒరే సుంకా, నీ దగ్గరికొస్తే పద్యం కుంటుతాంది, అవతలికి పో!" అని అరుస్తాండారు.

"ఇది పద్యమా, చెడుగుడా?" అన్నాను.

"ఆట కానీండి పెద్దాయనా. పద్యం యాడికీ పోదు" అనింది టీచరమ్మ.

తర్వాత వాన మీద తలా ఒక మాట పలక మీద రాసి చెప్పమనింది. చూసిందే చెప్పాల. వాన ముత్యాల మాదిరి కురిసిందన్నాడు ఏసేపు. "ముత్యాలు యాడ చూసినావురా?" అని తుడిపేసింది. అందరూ నవ్వినారు.

ఓబుళమ్మ వంతొచ్చింది. "చెప్పు మే!" అని నేను పొడిచినాను. టీచరమ్మ నావైపు తిరిగి, "మీరు బయట కూర్చోండి" అనింది. కూర్చున్నాను. కొంచేపటికి లోపల్నుంచి దాని గొంతు సన్నగా వినబడింది:

"కప్ప మీద చెంబు నీళ్లు పోసినాము,
ఆ పొద్దు అవ్వ దప్పికతో పండుకునింది."

వాన కోసం మా ఊర్లో కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇల్లాలూ దాని మీద నీళ్లు పోయాల. అవ్వంటే నా పెండ్లామే. ఆ పొద్దు ఆమె నీళ్లు తాగలేదని నాకు తెలీదు.

టీచరమ్మ ఆ మాట తుడపలేదు. బోర్డు మీద రాసింది. నేను లోపలికి పోయి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివినాను.

మీలో ఎవురన్నా పోదలిస్తే పదికి ముందే చేరండి, తాగే నీళ్లు తీసుకపోండి. ఇన్నేండ్లు పద్యమంటే బరువు మోసుడే అనుకున్నాను. ఆ బడిలో పిల్లోళ్లు దాన్ని ఆడిస్తాండారు.

సాయంత్రం రైల్లో ఓబుళమ్మ, "తాతా, 'దప్పిక' ముందర పెడితే ఎట్లుంటాది?" అంటూ చప్పట్లు కొట్టి చూసుకుంటా ఉండింది. గుత్తిలో దిగంగానే కొడుకుతో చెప్పినాను: "సోమవారం మేకలెంట నేను పోతా."

ఆ పొద్దు ఆడ ఉన్నోళ్లు: మార్తమ్మ టీచరు, సుంకన్న, ఏసేపు, మాబున్ని, లక్ష్మీదేవి, రామాంజి, గడప అవతల నారప్ప అనే నేను, లోపల నా మనవరాలు ఓబుళమ్మ.