ఓర్లీనా అనే చోట

మా పెద్దమ్మ కూతురు వర్నా ఒకచోట కుదురుగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. కెంటకీ కొండల్లోని మా ఊరు వదిలి, పాటల పిచ్చోళ్ళంతా పోయే నాష్‌విల్ నగరం చేరింది. పగలు హోటల్లో వడ్డన, సాయంత్రం గిటార్ పట్టుకుని బార్ల చుట్టూ తిరుగుడు. ఇళ్ళు మారింది, ఉద్యోగాలు మారింది, మగవాళ్ళ సంగతి అడగొద్దు. పాటలు రాసే పిచ్చి మాత్రం వదల్లేదు.

పెద్దమ్మ ఓర్లీనా పోయాక, ఆమె పేరుతోనే ఒక పాట కట్టింది. అది ఒక పెద్ద గాయకుడికి నచ్చింది. ఓర్లీనా అంటే జనానికి నోరు తిరగదట, సవానా అని మారిస్తే పాడతాడట. వర్నా ఒప్పుకుంది. నాకు ఒళ్ళు మండింది.

"మార్చుకోనీవే! మనవాళ్ళ ముందు అమ్మ పేరుతోనే పాడతాగా" అంది ఫోన్లో.

పాట రేడియోలో మోగిపోయింది. వర్నా ఏ ఊరెళ్ళినా జనం అదే పాడమన్నారు, రేడియోలో విన్నట్టే పాడమన్నారు. పాడింది.

ఏటా మే నెలలో మావాళ్ళమంతా మా పెద్దల సమాధుల దగ్గర చేరతాం. గడ్డి పీకి, పూలు పెట్టి, అక్కడే భోంచేసి పాడుకుంటాం. వర్నా వచ్చింది గానీ కోడి వేపుడు ముట్టలేదు. కారు దగ్గరికీ కంచె దగ్గరికీ తిరుగుతూనే ఉంది.

"ఏంటే ఆ కాలుగాలిన పిల్లి తిరుగుడు? మీ నాన్న పొద్దుట్నుంచీ నీ పాట కోసమే కూచున్నాడు" అన్నాను.

"రేడియోలో వినలేదా?"

"ఆ సవానా ఎవత్తో మనకెందుకని రేడియో కట్టేశాడు."

వర్నా వెళ్ళి గిటార్ తెచ్చుకుంది. తల్లి సమాధి ముందు నిలబడి పాట అందుకుంది. పేరు వచ్చే చోట "సవానా" అనేసింది. నాలుక్కరుచుకుని మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అదే. మూడోసారి గిటార్ దించేసింది.

"నోరు అటే పోతోంది నాన్నా" అని భోరుమంది.

బొగ్గు గనులు ఊపిరితిత్తుల్ని తినేసిన మనిషి మా పెదనాన్న. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. సమాధి రాయి పట్టుకుని మెల్లగా లేచాడు.

"పాడు తల్లీ. అక్కడికొచ్చాక ఆగు. నేనంటాను."

ఆమె ఆగిన ప్రతిచోటా ఆయన ఆయాసపడుతూ, రాగం లేకుండా "ఓర్లీనా" అన్నాడు. కబుర్లాడుతున్న మావాళ్ళందరూ లేచొచ్చి చుట్టూ నిలబడ్డారు.

పాట అయ్యాక వర్నా ఇక నిలవలేదు. శనివారం షో ఉందంది. అక్కడ జనం ఏ పేరు పాడమంటారో మా ఇద్దరికీ తెలుసు.