నోటిదాకా వచ్చిన పిలుపు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే గదిలో ఇస్త్రీ చేసే ఆమెను తోటివాళ్లంతా ఇస్త్రీ అక్క అంటారు. రోజంతా ఆవిరిలో నిలబడి, సాయంత్రం లోకల్ బండి ఎక్కుతుంది. ఆ బండిని తిట్టుకోని రోజు లేదు, దానికి దణ్ణం పెట్టుకోని రోజూ లేదు. వేళకొస్తే దేవుడు పంపినట్టే వస్తుంది. రాకపోతే అడిగే నాథుడుండడు.

ఆమె దిగే స్టేషన్లో టీకొట్టుకు కాస్త అవతల, చివరి బెంచీ మీద భర్త కాచుకుని ఉంటాడు. వడ్రంగం చేసిన మనిషి. చూపు మెల్లమెల్లగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. నాలుగు గోడల మధ్య ఊపిరాడక, చేతికర్రతో తడుముకుంటూ రోజూ అక్కడికొస్తాడు. బండి ఆగగానే ఆమె తలుపు దగ్గరే నిలబడి "వచ్చేశా!" అని కేకేస్తుంది. ఆయన లేచి ఆ గొంతు వైపు నడుస్తాడు. సంచీ ఆయన భుజం మీదికి, ఆయన చెయ్యి ఆమె భుజం మీదికి చేరతాయి. పెళ్లైన కొత్తల్లో కూడా ఇంత దగ్గరగా నడవలేదని ఆమె నవ్వుకునేది.

ఆ రోజు బండ్లన్నీ ఆలస్యం. రోజూ ఎక్కేవాళ్లు బోర్డు చూడరు. తమ వేళకు వచ్చిందే తమ బండి. ఇస్త్రీ అక్క కూడా అలాగే ఎక్కేసింది.

"నువ్వు ఫాస్టు ఎక్కావేంటమ్మా? ఇది మీ స్టేషన్లో ఆగదుగా!" అంది కిటికీ వదిన. కిటికీ పక్క చోటు కోసం రోజూ ఆమెతో పేచీ పడే మనిషి. చివరిదాకా వెళ్లేది కనుక ఆవిడకు ఏ బండైనా ఒకటే.

ఇస్త్రీ అక్క తలుపు వైపు తిరిగింది. "అయ్యో, ఆయన..."

"కాస్త ఆలస్యమైతే ఏం కొంప మునుగుతుంది? మా ఆయనైతే పండగ చేసుకుంటాడు."

"ఆయనకు కళ్లు కనపడవు వదినా. ఈ వేళకొచ్చిన బండి నాదే అనుకుంటాడు. నా కేక వినకముందే లేచి ముందుకొచ్చేస్తాడు."

వదిన మొహంలో నవ్వు మాయమైంది. "ఫోన్ చెయ్యి మరి!"

"పారేసుకుంటానని ఇంట్లోనే పెట్టొస్తాడు."

"అక్కడ టీకొట్టాయన ఉన్నాడుగా?"

"నంబరు లేదు."

"రోజూ ఆయన దగ్గర టీ తాగుతానంటావు, నంబరు అడగడానికి నోరు రాలేదూ?" అని తిడుతూనే వదిన లేచింది. ఆమె చెయ్యి పట్టుకుని, "జరగండమ్మా, జరగండి!" అంటూ జనాన్ని తోసుకుని తలుపు దగ్గరికి లాక్కెళ్లింది.

స్టేషన్ దాటగానే మలుపుంది. ఆగని బండైనా అక్కడ వేగం తగ్గించాల్సిందే. వేగం తగ్గింది. ఆగుతోందనుకున్నాడేమో, బెంచీ దగ్గర ఆయన లేచాడు. కర్రతో నేల తడుముతూ ఒక్కో అడుగూ ముందుకు వేస్తున్నాడు.

పిలుపు ఆమె గొంతులోకి వచ్చేసింది. అంతలోనే ఒక సంగతి తట్టింది. తన గొంతు వింటే ఆయన ఇటే వస్తాడు! రెండు చేతులతో నోరు నొక్కుకుంది.

"మీరు అరవండి వదినా! నేను అరిస్తే నా వైపే వస్తాడు!"

"ఆగవయ్యా! అక్కడే ఆగు! ఇది మీ బండి కాదు!" అని వదిన గొంతు చించుకుంది. ఆ వెంటనే పెట్టెలోని ఆడవాళ్లంతా కిటికీల్లోంచి అందుకున్నారు. స్వామీ, నా నోరు నేను మూసుకుంటా, ఆయన చెయ్యి ఎవరిచేతనైనా పట్టించు, అని ఆమె లోలోపలే వేడుకుంది. టీకొట్టాయన గ్లాసులు వదిలేసి పరుగెత్తుకొస్తున్నాడు. ఆయన్ని చేరాడో లేదో కనపడకముందే మలుపు అడ్డొచ్చింది.

తర్వాతి స్టేషన్లో దిగింది. వెనకే వదిన కూడా దిగింది.

"మీరెందుకు దిగారు వదినా?"

"ఇన్నాళ్లూ కిటికీ నీకు దక్కనివ్వలేదుగా. కాసేపు నీ పక్కన నిలబడితే అరిగిపోతానా?"

తిరుగు బండి కోసం నిలబడ్డంతసేపూ వదిన ఆమె చెయ్యి వదల్లేదు.

బండి మళ్లీ ఆ స్టేషన్ చేరింది. చివరి బెంచీ మీద ఆయన కూర్చునే ఉన్నాడు. పక్కనే టీకొట్టాయన, ఇంకా ఆయన మణికట్టు పట్టుకునే ఉన్నాడు. కొట్టు ముందు జనం టీ కోసం అరుస్తున్నా కదల్లేదు.

"ఇందాకట్నుంచీ ఎన్ని బండ్లు ఆగినా లేవట్లేదమ్మా," అన్నాడు. "నువ్వు పిలవాలట."

ఈసారి ఆమె తలుపు దగ్గర కేకెయ్యలేదు. బెంచీ దాకా నడిచి, భర్త చెవి దగ్గరికి వంగి, "వచ్చేశా," అంది.

ఆయన సంచీ కోసం చెయ్యి చాపాడు. "ఇందాక ఎవరో ఆడవాళ్లు నన్ను అన్ని కేకలేశారేంటి?"

"నేనేనయ్యా," అంది వదిన కళ్లు తుడుచుకుంటూ. "ఇంకా తిట్టేదాన్నే. ఈలోగా బండి వెళ్లిపోయింది."