పుట్టింటి దిబ్బ

1955 వేసవి. ఆదోనిలో కాలువ పనుల సర్వే ఆఫీసులో నేను ట్రేసర్‌ని. సర్వేవాళ్లు పెన్సిల్‌తో గీసిన పటాన్ని ట్రేసింగ్ క్లాత్ అనే పలుచని గుడ్డమీదికి సిరాతో ఎత్తడం నా పని. సముద్రం మాకెక్కడో దూరం. మాకున్న తీరమల్లా యెమ్మిగనూరుకు అవతల తుంగభద్ర ఇసుకే.

కాలువ కట్టడాలకు ఆ ఇసుక కావాలి. క్వారీ, అంటే ఇసుక తవ్వే చోటు, హద్దు సరిచూడ్డానికి నేనూ వెళ్లాను. ఆడమనిషికి ఎండలో ఏం పనన్నవారిని, ఎండను మగవాళ్లకే రాసిచ్చారా అని అడిగి మరీ వెళ్లాను. హద్దు లోపలి దిబ్బమీద, నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే తెల్లటి నీటిపిట్టలు వట్టి ఇసుకలోనే గుడ్లు పెట్టి పొదుగుతున్నాయి. పిల్లలు ఎగిరేదాకా దీన్ని వదిలి పక్క దిబ్బ తవ్వమని ఓవర్సియర్‌తో వాదానికి దిగాను.

"ఈడ ఇసుక తప్ప ఏముందమ్మా? పటంలో పోరంబోకు అనే కదా ఉండేది," అన్నాడాయన. పోరంబోకంటే ఎవరి పట్టాలోనూ లేని సర్కారు నేల.

"మనుషుల్లోనూ పోరంబోకులుంటారు. వాళ్లను తవ్వి బండికెత్తుతామా?" అన్నాను.

ఆయన నవ్వాడే గాని హద్దు జరపలేదు. ఆ చోటికి పేరైనా లేదు, ఏమని రాసి వదిలేదని అడిగాడు. పైగా పక్క దిబ్బ బండికి దూరం, గంప లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లకు నష్టమంటూ వాళ్ల మేస్త్రీ ఎస్తేరమ్మను సాక్ష్యానికి పిలిచాడు. పిట్టలమీద ప్రేమ నాది, పోయే కూలి ఆమెది.

ఎస్తేరమ్మ గుడ్లదాకా పోయి, వంగి చూసి వచ్చింది.

"పురిటికొచ్చినోళ్లను తరిమే పని మాకు సెప్పొద్దు సారూ. ఆ పక్కది తవ్వుతాం."

"దూరం మోయాల ఎస్తేరమ్మా."

"మా కాళ్లకు లేని నొప్పి నీ నోటికెందుకు? పేరు కావాలంటే పుట్టిల్లని రాసుకో."

వాదనలో నన్ను మించినవాళ్లను మెచ్చుకునే అలవాటు నాకు లేదు. ఆమెను మాత్రం ఇప్పటికీ మెచ్చుకుంటున్నాను. ఓవర్సియరూ తక్కువవాడు కాదు. ప్లేన్ టేబుల్, అంటే ముక్కాలి మీద పలక పెట్టి అక్కడికక్కడే పటం గీసే సరంజామా, దగ్గరికి పోయి పాత గీత తుడిచాడు. దిబ్బను తప్పించి కొత్తది గీశాడు. బండ్లను కూడా పక్క దిబ్బ దగ్గరికి తోలించాడు.

ఆఫీసులో నేను సిరాతో "పుట్టింటి దిబ్బ" అని రాశాను. ఇదేం పేరని పైవాళ్లు అడిగితే, అక్కడివాళ్ల పిలుపన్నాను. అబద్ధమేం కాదు, అప్పటికి కూలివాళ్లంతా అలాగే అంటున్నారు.

పేరు లేని చోటును తవ్వడం సులువని నాకు తెలిసింది ఆ పనిలోనే. మరుసటి వేసవి కొత్త ఓవర్సియర్ ఆ పటం చేతపట్టుకుని వచ్చాడు, దిబ్బకు ఇవతలే బండ్లు ఆపించాడు. ఎవరి పుట్టిల్లని ఆయన అడగలేదు. పిట్టలు అప్పటికే వచ్చి కూర్చున్నాయి.