గంగి తల్లి మల్లి

నా చిన్నప్పుడు ఎక్కాల కంటే ముందు నాకు రెండు వంశావళులు నోటికి వచ్చాయి. ఒకటి మా ఇంటి మగవాళ్ళది, రెండోది మా ఇంటి ఆవులది. రెండూ మా తాత నేర్పినవే. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని, నన్ను ఎదురుగా నిలబెట్టుకుని, "చెప్పు పాపా" అనేవాడు. నేను చేతులు కట్టుకుని మా నాయన పేరుతో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టే ఎక్కినట్టు ఏడు తరాలు పైకి పోయేదాన్ని. తప్పు లేకుండా చెబితే పంచె మడతలోంచి బెల్లం ముక్క తీసి స్వయంగా నా నోట్లో పెట్టేవాడు. ఆ మగవాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. మరిచిపోయి కాదు, కావాలనే రాయను. వాళ్ళ పేర్లకు ఇప్పటికే చాలా మర్యాద జరిగింది.

మాది పుంగనూరు దగ్గర ఒక పల్లె. ఇప్పుడు పుంగనూరు ఆవంటే గొప్ప గొప్పవాళ్ళు పరుపుల మీద కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. అప్పుడు మాకు అది ఇంటి ఆవు, అంతే. తొమ్మిదేళ్ళ నా గుండెల దాకా వచ్చేది. పొట్టి కొమ్ములు, నేలను ఊడ్చే తోక, మీగడ కట్టే పాలు. మా తాతకు మాత్రం ఆ ఆవులంటే ప్రాణం, వాటి జాతి అంటే ప్రాణం కంటే ఎక్కువ. సంతలో ఎవరైనా ఆవును చూపిస్తే పెదవి ఎత్తి పళ్ళు చూసేవాడు, తోక ఎత్తి చూసేవాడు, అటూ ఇటూ నడిపించేవాడు, చివరికి "ఏ ఆవు దూడప్పా ఇది?" అని అడిగేవాడు. ఆవుల వంశం తల్లి వైపు నుంచే లెక్క. ఎద్దు వస్తుంది, పోతుంది, పాలు తల్లివీ గుణం తల్లిదీ అనేవాడు. అందుకని రెండో వంశావళి నిండా ఆడపేర్లే. గంగి తల్లి మల్లి, మల్లి తల్లి సిరి, సిరి తల్లి చుక్కి, చుక్కి తల్లి పుల్లి, పుల్లి తల్లి బంగారి. బంగారి దగ్గర ఆగాలి. దాన్ని మా తాత పుట్టకముందు వాళ్ళ తాత ఎక్కడినుంచో తోలుకొచ్చాడట.

మా కంచె అవతల పక్కింటి అక్క, వాళ్ళమ్మ ఉండేవాళ్ళు. మగదిక్కు లేని ఇల్లు. మోదుగాకులు తెచ్చి విస్తళ్ళు కుట్టి బతికేవాళ్ళు. మా ఇంట్లో ఏ కార్యం జరిగినా వాళ్ళు కుట్టిన ఆకుల్లోనే తిన్నాం. అక్క నాకు తల దువ్వి జడ వేసేది, చిక్కు తీసేటప్పుడు నొప్పి తెలియకుండా కథలు చెప్పేది. మా చిన్నాయనకు ఆ అక్క మీద మనసు. పొలం నిండా గడ్డి ఉన్నా కొడవలి తీసుకుని ఆ కంచె దగ్గరే తిరిగేవాడు. ఊరందరికీ తెలుసు, మా తాతకు తప్ప.

అక్క వాళ్ళమ్మ సంగతి కూడా ఊరందరికీ తెలుసు. మూడేళ్ళ పిల్లగా తిరుమల కొండ మీద బ్రహ్మోత్సవాల జనంలో తప్పిపోయి ఏడుస్తుంటే, కొండ కింద పూలు కట్టి అమ్ముకునే ఒకావిడ ఎత్తుకొచ్చింది. వారం రోజులు తిరుపతి వీధులన్నీ తిప్పినా, ఈ పిల్ల మాదని ఎవరూ రాలేదు. ఆ పూలావిడే పెంచి, పెళ్ళి చేసి మా ఊరికి పంపింది. ఇదంతా ఆమె దాచుకునేది కాదు. "నాకు తల్లీ తండ్రీ ఆ కొండమీదాయనే" అని నవ్వుతూ చెప్పేది.

చిన్నాయన ఒకరోజు మా అవ్వ దగ్గర నోరు విప్పాడు. అవ్వ నెల రోజులు తాత చుట్టూ తిరిగి, చివరికి ఒక ఉదయం పెళ్ళి మాటలకు ఒప్పించింది. ఊరి పెద్దలిద్దరు వచ్చి అరుగు మీద చాప వేసుకుని కూర్చున్నారు. అక్క వాళ్ళమ్మ ఉతికిన చీర కట్టుకుని, మెట్టు మీద ఒక మూలకు కూర్చుంది. చిన్నాయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అక్క లోపల తలుపు వెనక ఉంది, ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది.

తాత మొదట నన్ను పిలిచాడు. నేను వెళ్ళి ఏడు తరాలూ గడగడా అప్పజెప్పాను. పెద్దలు తలలూపారు. తాత బెల్లం ముక్క నా నోట్లో పెట్టాడు. నేను మళ్ళీ తలుపు వెనకకు, అక్క దగ్గరికి వచ్చేశాను.

"మాది విన్నావు గదా. ఏడు తరాలు, యాడా మచ్చ లేదు. ఇప్పుడు మీది చెప్పమ్మా" అన్నాడు తాత.

"మా ఇంటాయన వైపు మూడు తరాలు తెలుసన్నా. చెప్పమంటావా?" అందామె.

"ఇంటాయనది కాదమ్మా, నీది. నీ ఒంట్లో పారేది ఎవురి నెత్తురని అడుగుతా ఉండాను."

ఆమె తల వంచుకుంది. "అది నాకు తెలీదన్నా. నీకూ తెలిసిన సంగతే గదా."

తాత పెద్దల వైపు తిరిగి నవ్వాడు. "తల్లి తెలీని దూడను నేను సంతలో తాకను గూడా తాకను. అట్లాంటిది ఇంటికి యెట్ల తోలుకునేదప్పా?"

పెద్దలు కూడా నవ్వారు. ఒకాయన నవ్వి నవ్వి వక్కాకు ఎర్రగా మా వాకిట్లోనే ఉమ్మేశాడు. నా భుజం మీద అక్క వేళ్ళు బిగుసుకున్నాయి. నా నోట్లో ఇంకా బెల్లం ఉంది. పొద్దున కొట్టంలో దూడ తోక ఎత్తి చూసిన చెయ్యే ఈ బెల్లం పెట్టిందని ఆ క్షణంలో గుర్తొచ్చింది. అంతకుముందు వంద సార్లు అదే చేత్తో తిన్నాను, ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు లోపలి గోడ వారగా ఉమ్మేశాను. అరవై ఏళ్ళవుతోంది, ఆ రోత ఇంకా నాలుక మీద ఉంది. మగవాళ్ళ గొప్ప చెప్పుకునేటప్పుడు తండ్రి లెక్క, ఆడదాన్ని తోసెయ్యాలంటే మాత్రం తల్లి లెక్క. ఇంత వంకర లెక్క పెద్దమనుషులు కూర్చుని వేస్తుంటే చిన్నాయన పంచె అంచున ఊడిన పోగు లాగుతూ నిలబడ్డాడు.

అప్పుడు మా అవ్వ మజ్జిగ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. అందరికీ పోసింది. తరువాత నన్ను పిలిచి, "పాపా, ఆవులది గూడా చెప్పు. పెద్దోళ్ళు వింటారు" అంది.

తాత ముఖం వెలిగింది. నాకు ఇష్టం లేదు. అవ్వ అడిగిందని చెప్పాను. గంగి నుంచి బంగారి దాకా.

"బాగా చెప్పినావు" అని అవ్వ నా తల నిమిరి, తాత వైపు తిరిగింది. "ఏమయ్యా, మీ నాయన్ను కన్నామె పేరేంది?"

తాత మజ్జిగ గ్లాసు దించాడు. "ఆమె యాడిది ఇప్పుడు? నేను పుట్టకముందే పాయ గదా."

"బంగారి గూడా నువ్వు పుట్టకముందుదే గదా. దాని పేరు యెట్ల తెలిసె?"

తాత గ్లాసు మళ్ళీ ఎత్తాడు. అవ్వ గొంతు పెంచలేదు. "పోనీ, అది వద్దులే. నా తల్లి పేరు చెప్పు. మనం మనువాడి నలభై ఏండ్లాయ. ఆమె చేతి కూడు ఎన్నితూర్లు తిన్నావో."

"అత్తను పేరు పెట్టి ఎవురు పిలస్తారే?" అన్నాడు తాత, కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూస్తూ.

"ఆడోళ్ళ పేర్లు వంశంలోకి రావు గదమ్మా" అని పెద్దల్లో ఒకాయన సాయానికి వచ్చాడు.

"అదేనప్పా నేను అడిగేది" అంది అవ్వ. "మొగోళ్ళ వరసలో నేను లేను. ఆవుల వరసలోనూ లేను. ఈ ఇంట్లో నలభై ఏండ్లుగా నేను యాడుండాను?"

పెద్దలు మజ్జిగలోకి తలలు దించారు. నేను మాత్రం నవ్వాను. పకపకా నవ్వాను. రోజూ నన్ను నిలబెట్టి పేర్లు అడిగే మా తాతకు రెండు పేర్లు అడిగితే రాలేదు. నా ఎగతాళి చూసి ఆయన నా వైపు కళ్ళెర్ర చేశాడు. నేను మళ్ళీ తలుపు వెనకకు, అక్క చేతి కిందికి పోయాను.

పెద్దలకు కూర్చున్న చోట ముళ్ళు గుచ్చుకున్నట్టయింది. "పోనీలేప్పా, పిల్ల మంచిది. పిల్లోడూ ఇష్టపడినాడు" అన్నారు. తాత చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. దువ్వుకుని, దువ్వుకుని, ఒక దయ చూపించాడు. ఆ దయ గురించి రాయాలంటే ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

"సరే, కానిస్తాం. అయితే ఒకటి. పెండ్లయినాంక ఈమె మా గడప తొక్కగూడదు. ఎవురన్నా అడిగితే పిల్లకు తల్లి లేదు, సచ్చిపాయ అని చెప్పాల."

ఆమె అక్కడే, మెట్టు మీద, రెండు బారల దూరంలో కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తరువాత మెల్లగా తల ఊపింది. కూతురు బాగుపడితే చాలనుకుంది కాబోలు. చిన్నాయన ఆ రోజు మొదటిసారి మాట్లాడాడు. "సరే నాయనా" అన్నాడు.

అక్క చెయ్యి నా భుజం మీదనుంచి లేచింది. తలుపు తోసుకుని బయటికి వచ్చింది. "నాకొద్దు" అంది. పెద్దల ముందు అంత గట్టిగా మాట్లాడిన ఆడపిల్లను నేను అంతకు ముందు చూడలేదు. "మా యమ్మను కన్నోళ్ళు ఎవురో నాకు తెలీదు మామా. నన్ను కన్నది ఎవురో తెలుసు. బతికుండే మనిషిని సచ్చిందని చెప్పే ఇంట్లో నాకు కూడు దిగదు."

చిన్నాయన వైపు ఒకసారి చూసింది. ఉమ్మలేదు కానీ ఉమ్మినట్టే చూసింది. తల్లి రెక్క పట్టుకుని లేపింది.

వాళ్ళమ్మ రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి మా అవ్వ చెయ్యి పట్టుకుని, "మీ యమ్మ పేరేంది వదినా?" అని అడిగింది. అవ్వ ఆమె ముఖంలోకి చూసి, కళ్ళు తుడుచుకుని, చెప్పింది. ఆ రోజు అరుగు మీద అంతమందిలో, ఆ పేరు తెలుసుకోవాలనుకున్నది తన తల్లి పేరు తెలియని ఆ ఒక్క మనిషే. నేను అప్పటికి తొట్టి దగ్గర నోరు పుక్కిలిస్తున్నాను. అవ్వ పెదవులు కదలడం చూశాను.

ఏడాది తిరగకముందే వాళ్ళు తిరుపతికి వెళ్ళిపోయారు. అక్కకు అక్కడే పెళ్ళయిందనీ, భర్త మంచివాడనీ, తల్లి వాళ్ళ దగ్గరే ఉందనీ విన్నాం. చిన్నాయనకు తాత ఏడు తరాలు విచారించి మరీ ఒక పిల్లను తెచ్చాడు. చిన్నాయన ఆ ఇంటికి పెద్దవాడై, మీసాలు నెరిసి, అదే అరుగు మీద అదే మాటలు చెప్పుకుంటూ పోయాడు. మా తాత మీద నాకు కోపం ఏదో ఒకనాటికి తగ్గింది. పాతకాలం మనిషి, తెలిసింది అంతే అనుకున్నాను. చిన్నాయన "సరే నాయనా" అన్న మాట మీద రోత మాత్రం తగ్గలేదు. ఆయన పోయిన రోజు ఏడుద్దామని వెళ్ళాను, ఏడుపు రాలేదు.

పోయిన నెల చిన్నాయన మనవడు తిరుపతిలో మా ఇంటికి వచ్చాడు. చుట్టాలందరినీ ఒకచోట కలుపుతున్నారట. పెద్ద ఫ్లెక్సీ మీద మా వంశవృక్షం వేయించబోతున్నాడు. ఫోన్‌లో చూపించాడు. పచ్చటి చెట్టు, కొమ్మకొమ్మకూ ఒక గుండ్రం, గుండ్రం గుండ్రంలో ఒక మగ పేరు. కింద, వేళ్ళ దగ్గర, అలంకారానికి ఒక పుంగనూరు ఆవు బొమ్మ. "తప్పులుంటే చెప్పు అవ్వా. నీకు చిన్నప్పుడే అన్నీ నోటికి వచ్చంట గదా" అన్నాడు. పిల్లవాడు మంచివాడే. ఆ చెట్టు చూస్తుంటే మాత్రం పాత బెల్లం గొంతులోకి వచ్చింది. చెట్టులో ఆవుకు చోటు దొరికింది, మా అవ్వకు దొరకలేదు.

"తప్పులుండాయి, కూర్చో" అన్నాను. కాగితం, పెన్ను తెమ్మన్నాను. మా అమ్మ పేరు రాశాను. మా అవ్వ పేరు రాశాను. దాని పైన మా అవ్వ తల్లి పేరు రాయడానికి పెన్ను ఆనించాను.

పెన్ను అక్కడే ఆగిపోయింది. పిల్లవాడు ఎదురుచూస్తున్నాడు. మా తాతకు తెలియలేదని పకపకా నవ్విన దాన్ని నేనే. ఆ తరువాత పదకొండేళ్ళు అవ్వ పక్కన పడుకున్నాను, ఆమె కలిపి పెట్టిన ముద్దలు తిన్నాను, ఆమె పోయే రోజున నోట్లో నీళ్ళు పోశాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడగలేదు. అడిగితే చెప్పి ఉండేది. అడిగిన మనిషికి చెప్పింది కదా. ఇప్పుడు అడగడానికి ఎవరూ మిగల్లేదు. ఇన్నేళ్ళూ మా తాతనూ చిన్నాయననూ అసహ్యించుకున్నాను. ఆ కాగితం ముందు కూర్చున్న రోజు మొదటిసారి ఆ అసహ్యం నా వైపు తిరిగింది.

ఆ కాగితం మీద ఆ చోటు ఖాళీగానే వదిలి, చుట్టూ గుండ్రం గీసి ఇచ్చాను. గుండ్రం అట్లే వేయించమన్నాను.

గంగి తల్లి మల్లి, మల్లి తల్లి సిరి, సిరి తల్లి చుక్కి, చుక్కి తల్లి పుల్లి, పుల్లి తల్లి బంగారి. నిద్రలో లేపి అడిగినా ఒక్క పేరు తప్పు పోకుండా చెబుతాను. మా అవ్వ తల్లి పేరు నాకు తెలియదు.